సహజ మరణం

పోయినేడు ఆగస్టులో ఒక శనివారం పొద్దున్న ఇంటికి ఫోన్ చేస్తే, అమ్మ ఎప్పుడూ అడిగే "తిన్నవా బిడ్డా" కూడా అడగలేదు. "మన మేస్త్రి మామ కొడుకు లేడా.. దుబాయిల పోయిండట రా. పండుకున్నోడు పండుకున్నట్టే ఉన్నడట" అంది.

మా ఊళ్ళో గల్ఫ్‌లో ఏ దేశమైనా దుబాయే. అసలు వాడున్నది ఖతార్‌లో.

మేస్త్రి మామ అంటే మా ఇల్లు కట్టినాయన. చుట్టరికం ఏమీ లేదు, వరస అంతే. నేను ఎమ్మెస్‌కని దేశం దాటే ముందు వేసవిలో మా ప్రహరీ గోడ లేచింది. అప్పుడు వీడు బడి సెలవుల్లో తండ్రి వెంట వచ్చి ఇసుక జల్లెడ పట్టేవాడు. మధ్యలో నా కంప్యూటర్ ముందు నిలబడి, ముట్టుకోకుండా, చేతులు వెనక్కి పెట్టుకుని చూసేవాడు. టెన్త్ తర్వాత వాడూ తాపీ పట్టాడు. చెల్లె పెళ్ళి అప్పు, ఆ పైన ఏజెంటుకి కట్టడానికి తెచ్చిన అప్పు, నూటికి మూడు రూపాయల వడ్డీ.. మా వైపు వాళ్ళకి ఈ లెక్క కొత్తగా చెప్పక్కర్లేదు. పోయేనాటికి ఇరవయ్యేడేళ్ళు. బీపీ లేదు, షుగర్ లేదు. వీసా కోసం మెడికల్ కూడా పాసయ్యాడు.

పన్నెండు రోజులకి శంషాబాద్‌లో పెట్టె దిగింది. దాంతోపాటు వచ్చిన కాగితాన్ని మా తమ్ముడు ఫోటో తీసి పంపాడు. అరబ్బీ, కింద ఇంగ్లీషు. మరణ కారణం అన్న చోట ఉన్నది రెండు ముక్కలు. గుండె, ఊపిరి ఆగిపోయాయి. సహజ మరణం.

తర్వాతి వారం అత్తతో (మేస్త్రి మామ భార్య) మాట్లాడాను. ఏడుపు అయిపోయిన గొంతు. "నువ్వు సదువుకున్నోనివి, కంప్యూటర్ల జూసి చెప్పు బిడ్డా. ఇరవయ్యేడేండ్లోనికి గుండె ఊకె ఎట్ల ఆగుతది?" అని అడిగింది. చూసి చెబుతానత్తా అన్నాను. అంతకంటే ఏమనాలో తోచలేదు.

చూస్తూనే ఉన్నాను, ఇన్ని నెలలుగా. ఈ వ్యాసం ఆ చూసినదే.

ముందు నా పని సంగతి ఒక ముక్క. రెజైనాలో నేను చేసేది ఒక క్లెయిమ్స్ సిస్టమ్ మీద కన్సల్టింగ్. అందులో 'కారణం' అని ఒక ఫీల్డు ఉంది. ఖాళీగా వదలడం కుదరదు, ఏదో ఒక కోడ్ ఎంచుకోవాలి. అలాంటి ఫీల్డు పెట్టిన ప్రతిచోటా ఏమవుతుందో మా వృత్తి వాళ్ళకి బాగా తెలుసు. కారణం తెలియనప్పుడు, తెలుసుకునే తీరిక లేనప్పుడు జనం లిస్టులో అన్నిటికంటే హాని తక్కువ ఉన్నదాన్ని నొక్కేసి ముందుకెళ్తారు. 'సహజ మరణం' నాకు మొదటి చూపులోనే అలాంటి డీఫాల్ట్ వాల్యూలా కనిపించింది. ఎవరికి హాని తక్కువ అన్నదే ప్రశ్న.

వెతకడం ఖతార్‌తో మొదలుపెట్టలేదు. మా ఇంటికి పది నిమిషాల దూరంలో ఉన్న చెరువు దగ్గర మొదలైంది.

రెజైనాకి వచ్చినవాళ్ళని ఎవరైనా ముందు తీసుకెళ్ళేది వస్కానా లేక్‌కే. ఒడ్డున అసెంబ్లీ భవనం, నీళ్ళలో దాని నీడ, కెనడా బాతులు. (ఆ బాతులు అతిథులకి ఎంత అందంగా కనిపిస్తాయో, రోజూ నడిచేవాళ్ళ చెప్పులకి అంత చేటు.) వస్కానా అనే మాట క్రీ భాషలో ఎముకలు అనే అర్థమున్న మాట నుంచి వచ్చింది. దున్నల ఎముకలు ఇక్కడ గుట్టలుగా పడి ఉండేవట, అందుకే తెల్లవాళ్ళు మొదట్లో ఈ ఊరిని 'ఎముకల కుప్ప' అనే పిలిచారు. 1882లో రైలొచ్చాక విక్టోరియా రాణి గౌరవార్థం రెజైనా అయింది. సరే, ఇవన్నీ టూరిస్టు బోర్డుల మీద ఉండేవే. నన్ను ఆపింది ఇంకో సంగతి. 1930ల మొదట్లో, ఆర్థిక మాంద్యంలో పని లేనివాళ్ళకి పని కల్పించడం కోసం ఈ చెరువు నీళ్ళు తోడేసి, 2,107 మంది చేత అడుగు తవ్వించారు. యంత్రాలు లేవు. పారలు, గుర్రబ్బండ్లు. తవ్విన మట్టితో రెండు దీవులు పోశారు. పక్కనున్న ఆల్బర్ట్ స్ట్రీట్ వంతెన కూడా ఆ కాలపు కరువు పనే. మన ఊళ్ళలో ఉపాధి హామీ కింద చెరువు పూడిక తీయడం చూసిన కళ్ళకి, చలిదేశంలో తెల్లవాళ్ళు అదే పని చేశారంటే మొదట నమ్మబుద్ధి కాదు.

ఊరి వాళ్ళకి ఊరి పనులు దొరికాయి. పెళ్ళికాని, ఊరూపేరూ లేని కుర్రాళ్ళ సంగతి వేరు. వాళ్ళు ఒకచోట గుమిగూడితే కమ్యూనిస్టులైపోతారని ప్రభుత్వానికి భయం. 1932లో జనరల్ మెక్‌నాటన్ సలహా మీద వాళ్ళ కోసం క్యాంపులు పెట్టారు, అవీ రక్షణ శాఖ కింద. అడవుల్లో, కొండల్లో, ఊళ్ళకి దూరంగా. రోడ్లు వేయడం, విమానాలు దిగే మైదానాలు చదును చేయడం, చెట్లు కొట్టడం. తిండి, పడక, రోజుకి 20 సెంట్లు. అవి మూసేసే 1936 లోపు దాదాపు 1,70,000 మంది ఆ క్యాంపుల్లో ఉండి వెళ్ళారు. మేస్త్రి మామ కొడుకు ఫోన్లో ఇంటికి పంపిన వీడియోల్లో గది, రెండంతస్తుల మంచాలు, మంచం అంచుకి కట్టిన తాడు మీద ఆరేసిన బట్టలు ఉన్నాయి. అతనూ 'క్యాంపు' అనే అన్నాడు.

1935 ఏప్రిల్‌లో బ్రిటిష్ కొలంబియా క్యాంపుల వాళ్ళు సమ్మె చేసి వాంకూవర్ చేరారు. రెండు నెలలు చూసి, ఇక్కడ మన మాట వినేవాడు లేడు, పోయి ప్రధానమంత్రినే అడుగుదాం అని జూన్ 3న గూడ్సు బళ్ళ మీదెక్కి ఒటావాకి బయలుదేరారు. రాకీ పర్వతాల సొరంగాల్లో పొగ మింగుతూ వచ్చారు. దారిలో జనం కలుస్తూ పోయారు. జూన్ 14న రెజైనాలో దిగేసరికి ఇంచుమించు రెండు వేల మంది. ఇక్కడే వాళ్ళని ఆపేశారు. ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో మకాం. ఊరి జనం తిండి పెట్టారు. వాళ్ళ తరఫున ఎనిమిది మందిని మాత్రం ఒటావాకి పిలిచి, జూన్ 22న ప్రధాని బెనెట్ మాట్లాడాడు. మాట్లాడటం అంటే.. నాయకుడు ఆర్థర్ ఎవాన్స్‌ని ఆయన సొమ్ము కాజేసినవాడన్నాడు, ఎవాన్స్ ఆయన్ని అబద్ధాలకోరన్నాడు. అక్కడితో సరి.

ఆ యాత్ర గురించి చదివినవాళ్ళందరూ కూలి గురించే చెబుతారు. గంటకి 50 సెంట్లు కావాలన్నది మొదటి డిమాండు, నిజమే. కానీ ఆరు డిమాండ్లలో రెండోది చూసి నేను కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను. క్యాంపుల్లో పనిచేసే ప్రతి ఒక్కడికీ కార్మిక నష్టపరిహార చట్టం వర్తించాలి, పని చోట ప్రథమ చికిత్స సామాను ఉండాలి. ఓటు హక్కు అడిగిన డిమాండు కంటే ముందు ఉందిది! రోజుకి 20 సెంట్ల వాడికి తన చావు లెక్కలోకి వస్తుందా రాదా అన్నది అంత ముఖ్యం అనిపించిందన్నమాట.

జూలై 1, అప్పటి డొమినియన్ డే. సాయంత్రం మార్కెట్ స్క్వేర్‌లో సభ. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది ఊరి జనమే, పిల్లలతో సహా. ఎనిమిది దాటగానే విజిల్ మోగింది, బళ్ళలో దాక్కున్న పోలీసులు లాఠీలతో దిగారు. ఆ రాత్రి వీధుల్లో గంటల తరబడి కొట్లాట, రాళ్ళు, తుపాకీ కాల్పులు. వంద మందికి పైగా అరెస్టయ్యారు. మఫ్టీలో ఉన్న డిటెక్టివ్ చార్లెస్ మిల్లర్‌ని కొట్టి చంపారు. పోలీసుల లెక్కలో ఆ గొడవలో చనిపోయింది ఆయనొక్కడే. చాలా ఏళ్ళు చరిత్ర పుస్తకాల్లోనూ ఒకటే చావు.

అయితే నిక్ షాక్ అని ఇంకొకడున్నాడు. ఒటావా యాత్రికుడు. ఆ రోజు దెబ్బలు తిన్నాడు. ఆ శరత్కాలంలో ఆసుపత్రిలో చనిపోయాడు. జూలైలో తగిలిన దెబ్బకి అక్టోబర్లో పోయినవాడు ఆ రోజు చావుల్లోకి ఎలా వస్తాడు? రాలేదు. చరిత్రకారుడు బిల్ వైజర్ 2003లో ఆ యాత్ర మీద పెద్ద పుస్తకం రాశాడు. ఇప్పుడు రెజైనా అల్లర్ల గురించి ఎవరు చెప్పినా రెండు చావులంటారు. ఒకటి రెండు కావడానికి అన్ని దశాబ్దాలు పట్టింది.

ఇక్కడ కొంచెం చట్టం మాట్లాడుకోవాలి, విసుక్కోకండి.

పంతొమ్మిదో శతాబ్దంలో కూలివాడు పనిలో చస్తే భార్య కోర్టుకెళ్ళి యజమాని తప్పని రుజువు చేయాలి. దాదాపు ఎప్పుడూ ఓడిపోయేది. బిస్మార్క్ 1884లో జర్మనీలో దీన్ని మార్చాడు. అంటారియో ప్రధాన న్యాయమూర్తి విలియం మెరిడిత్ 1913లో ఇచ్చిన నివేదికతో కెనడాలో మారింది. ఆయన కుదిర్చిన బేరం ఇది. కార్మికుడు యజమాని మీద దావా వేసే హక్కు వదులుకుంటాడు. బదులుగా తప్పెవరిదని అడగకుండా అతనికి పరిహారం వస్తుంది. యజమానులంతా కలిసి కట్టే నిధి నుంచి. 1914లో అంటారియో చట్టం చేసింది, మా సస్కాచువాన్ 1929లో చేసింది. మన దేశంలో 1923లోనే కార్మిక నష్టపరిహార చట్టం వచ్చింది, కాకపోతే నిధి లేదు, ప్రతి యజమానితో విడిగా తేల్చుకోవాల్సిందే.

తప్పెవరిది అన్న ప్రశ్న పోయింది. దాని స్థానంలో ఇంకోటి వచ్చి కూర్చుంది. ఈ చావు పని వల్ల వచ్చిందా, పని చేస్తుండగా వచ్చిందా? 1923 చట్టంలో ఉన్న ఆ మాటలే 2020లో చేసిన సామాజిక భద్రతా కోడ్‌లోకీ వచ్చాయి. పరంజా మీంచి పడ్డవాడికి ఈ ప్రశ్నతో ఇబ్బంది లేదు. గోడ కూలి పోయినవాడికీ లేదు. గుండె ఆగినవాడికే మొత్తం ఇబ్బంది.

2006లో మన నెల్లూరు కేసు ఒకటి సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. థర్మల్ స్టేషన్‌లో స్విచ్ బోర్డు దగ్గర పనిచేసే మనిషి పనిలో ఉండగా పోయాడు. భార్య పరిహారం అడిగింది. పని ఒత్తిడి గుండెజబ్బుని తొందరపెట్టిందని తేలితే దాన్ని ప్రమాదంగా లెక్కించవచ్చు అని కోర్టు సూత్రం ఒప్పుకుంది. కానీ ఇతని పని స్విచ్ వేయడం, ఆపడం, అందులో ఒత్తిడి ఏముంది, పైగా ముందునుంచీ ఛాతీ జబ్బు ఉంది, కాబట్టి లేదు అంది. సూత్రం మంచిదే. రుజువు భారం మళ్ళీ ఆ భార్య మీదికే వచ్చింది, 1880లో ఉన్నచోటికే.

దీనికి ఉల్టా ఇంకోటి చూడండి. కెనడాలో సస్కాచువాన్‌తో సహా పలు రాష్ట్రాల్లో అగ్నిమాపక సిబ్బందికి ఒక నియమం ఉంది. మంటలార్పడానికో, మరో అత్యవసర పనికో వెళ్ళొచ్చిన 24 గంటల లోపు గుండెకి ఏదైనా అయితే, అది పని వల్లే అయిందని చట్టం ముందే అనుకుంటుంది. కాదని ఎవరైనా అంటే వాళ్ళు రుజువు చేసుకోవాలి. ఇంటికొచ్చి, స్నానం చేసి, పడుకుని నిద్రలో పోయినా సరే. ఈ నియమం చదివినప్పుడు నాకు కొంచెంసేపు స్క్రీన్ కనిపించలేదు. వేడిలో ఒళ్ళు దాచుకోకుండా పనిచేసిన మనిషి గుండె రాత్రి ఆగితే దానికి కారణం పగలు చేసిన పనే కావచ్చన్న సంగతి డాక్టర్లకీ తెలుసు, చట్టం రాసేవాళ్ళకీ తెలుసు. ఏ పనివాడికి వర్తింపజేయాలన్న దగ్గరే తేడా.

నిద్రలో చనిపోయిన భవన నిర్మాణ కార్మికుల చరిత్ర గల్ఫ్‌తో మొదలవలేదు. 1980ల్లో సింగపూర్ కట్టడాల్లో పనిచేయడానికి థాయ్‌లాండ్ నుంచి వేల మంది వెళ్ళారు. ఎక్కువమంది ఈశాన్య జిల్లాల రైతుబిడ్డలు. 1982-1990 మధ్య వాళ్ళలో 230 మందికి పైగా ఇలాగే పోయారు. అంతా దిట్టమైన మగవాళ్ళు, రాత్రి పడుకున్నవాళ్ళు లేవలేదు. థాయ్ పల్లెల్లో దీనికి 'లై తాయ్' అని పేరు అంతకుముందే ఉంది. మగవాళ్ళ ప్రాణాలు ఎత్తుకుపోయే విధవ దయ్యం పని అని నమ్మేవాళ్ళు. దాన్ని ఏమార్చడానికి కొన్ని ఊళ్ళలో మగవాళ్ళు రాత్రిపూట గోళ్ళకి ఎర్ర రంగు వేసుకుని, ఆడవాళ్ళ బట్టలు కట్టుకుని పడుకునేవాళ్ళు. నవ్వకండి. మన ఊళ్ళలో తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని సుద్దతోనో, రంగుతోనో రాసిన రోజులు నాకు బాగా గుర్తు. మేస్త్రి మామ ఇంటి తలుపు మీద కూడా ఉండేది.

సింగపూర్లో జరిగింది వేరు. శవాలకి పోస్ట్‌మార్టం చేశారు. విషం లేదు, గాయం లేదు, గుండె రక్తనాళాల్లో అడ్డు లేదు. ఏమీ దొరకలేదు. కానీ ఏమీ దొరకలేదన్న సంగతి కాగితం మీద మిగిలింది. ఎంతమంది, ఏ వయసు, వచ్చిన ఎన్ని నెలలకి అని డాక్టర్లు లెక్క కట్టి ప్రచురించారు. 1992లో స్పెయిన్‌కి చెందిన బ్రుగాడా సోదరులు పైకి ఆరోగ్యంగా ఉన్న మనుషుల గుండెలో ఒక రకమైన విద్యుత్ లోపం కనిపెట్టారు. లై తాయ్ నుంచి బతికి బయటపడ్డవాళ్ళ ఈసీజీల్లో అదే గీత కనిపిస్తోందని 1997లో థాయ్ పరిశోధకులు చూపించారు. దయ్యం పోయి ఒక జన్యువు వచ్చింది. ఇప్పుడు ఇంట్లో ఒకడు అలా పోతే తమ్ముళ్ళకి ఈసీజీ తీయించమంటారు.

ఇది చదివాక మామకి ఫోన్ చేసి, చిన్నోడికి ఈసీజీ తీయించమన్నాను. తీయించారు, బాగానే ఉంది. అంటే వీడికి ఉన్నది అది కాదు అని చెప్పలేం, అదే అని కూడా చెప్పలేం. కోసి చూడలేదు కాబట్టి.

ఇక ఖతార్. కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ వైపు నుంచి గల్ఫ్‌కి పోవడం 1970ల్లో చమురు ధర పెరిగినప్పటి నుంచీ ఉన్నదే. అంతకుముందు బొంబాయి, భివండి. పాలమూరు వాళ్ళయితే దేశంలో ఏ డ్యామ్ కట్టినా గుంపు మేస్త్రి వెంట అక్కడుండేవాళ్ళు. ఆ రోజుల్లో రాష్ట్రం దాటి వెళ్ళిన కూలీల కోసం 1979లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. కూలివాడు ప్రమాదంలో పోతే కాంట్రాక్టరు రెండు రాష్ట్రాల అధికారులకీ, ఇంటివాళ్ళకీ కబురు చెయ్యాలన్నది అందులో ఒక నిబంధన. గమనించారా, అక్కడా ప్రమాదం అనే మాటే.

2010 డిసెంబర్లో ఖతార్‌కి ఫుట్‌బాల్ వరల్డ్ కప్ ఇచ్చారు. పన్నెండేళ్ళలో స్టేడియాలు, మెట్రో, రోడ్లు, ఒక కొత్త నగరం. 2021 ఫిబ్రవరిలో గార్డియన్ పత్రిక ఆయా దేశాల లెక్కలు పోగుచేసి, ఆ పదేళ్ళలో దక్షిణాసియాలోని ఐదు దేశాల వలసవాళ్ళు 6,500 మందికి పైగా అక్కడ చనిపోయారని రాసింది. మనవాళ్ళే 2,711 మంది. న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఆ అంకె స్టేడియం కూలీలది మాత్రమే కాదు, అన్ని పనులవాళ్ళదీ, అన్ని రకాల చావులదీ. దాన్ని పట్టుకుని "స్టేడియాల కింద 6,500 శవాలు" అని రాసినవాళ్ళు తొందరపడ్డారు. నిర్వాహకుల తరఫున హసన్ అల్ తవాదీ 2022 నవంబర్లో ఒక టీవీ ఇంటర్వ్యూలో టోర్నమెంటు పనుల్లో పోయినవాళ్ళు 400-500 మధ్య ఉంటారన్నాడు. 6,500కీ 500కీ మధ్య ఇంత అగాధం ఎందుకుందంటే, చాలామంది చావుకి అసలు కారణమే రాయలేదు కాబట్టి. అదే గార్డియన్ లెక్కలో భారతీయుల చావుల్లో 80 శాతం 'సహజ' మరణాలు!

ఆ పని చేసేది ముసలాళ్ళు కాదు. మెడికల్ పరీక్ష దాటితేనే వీసా. అంటే గట్టివాళ్ళని ఏరి తీసుకెళ్తారు. వాళ్ళలో ఇన్ని సహజ మరణాలా?

ఖతార్ ప్రభుత్వమే పెట్టుకున్న డిఎల్ఏ పైపర్ అనే లా కంపెనీ 2014లో నివేదిక ఇస్తూ, అనుకోని చావులన్నిటికీ పోస్ట్‌మార్టం చేసేలా చట్టం మార్చమనీ, గుండె ఆగి పోతున్నవాళ్ళ మీద అధ్యయనం చేయించమనీ చెప్పింది. 2019లో 'కార్డియాలజీ' పత్రికలో నేపాలీ కార్మికుల మీద ఒక పరిశోధన వచ్చింది. 2009-2017 మధ్య 1,300 మందికి పైగా పోతే, వాళ్ళలో 571 మందివి గుండె సంబంధమైన చావులు. నెలవారీగా ఎండ తీవ్రతతో పోల్చి చూశారు. ఎండ పెరిగిన నెలల్లో ఈ చావులు పెరిగాయి. ఎండ నుంచి సరైన రక్షణ ఉండి ఉంటే 571లో దాదాపు 200 మంది బతికి ఉండేవాళ్ళని వాళ్ళ అంచనా.

ఎండకీ గుండెకీ ఏమిటి సంబంధం అంటే, నాకు అర్థమైనంతలో ఇది. ఒళ్ళు వేడెక్కితే చల్లబరచడానికి రక్తాన్ని చర్మం వైపు తోలాలి. పనిచేసే కండరాలకీ అదే రక్తం కావాలి. చెమటతో నీళ్ళు, ఉప్పు పోయి ఉన్న రక్తమే తగ్గిపోతుంది. మిగిలినదాన్ని రెట్టింపు వేగంతో తిప్పాల్సింది గుండె. పొడి ఎండలో చెమట ఆరి కాస్త చల్లబడుతుంది. గల్ఫ్ తీరంలో ఆగస్టులో గాలి నిండా తేమ, చెమట ఆరదు. గదికొచ్చాక ఏసీ పనిచేస్తే సరే. చెయ్యకపోతే మర్నాడు తెల్లారుజామున బస్సెక్కేదాకా ఒళ్ళు చల్లబడే సమయమే దొరకదు. అలా ఎన్ని రోజులని. ఇందులో ఏదీ శవం మీద గుర్తుగా కనిపించదు. రాసేటప్పుడు గుండె ఆగింది అని రాస్తారు. ఎవరు పోయినా గుండె ఆగే కదా పోతారు!

2021లో ఖతార్ నిబంధనలు మారాయి. జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా పొద్దున పది నుంచి మధ్యాహ్నం మూడున్నర వరకు బయటి పని నిషేధం. ఎండ, తేమ కలిపి కొలిచే సూచిక 32.1 డిగ్రీలు దాటితే ఏ వేళైనా పని ఆపాలి. మంచి నిబంధనే. దాన్ని అమలు చేయమని అడగాల్సింది ఎవరు? కఫీలు దయమీద అకామా ఉన్న మనిషా?

ఈ ప్రశ్నకి జవాబు ఒకటి మా ఊళ్ళోనే దొరికింది. మా ఊరంటే ఇప్పుడు రెజైనా. 1972లో అలన్ బ్లేక్‌నీ ప్రభుత్వం ఇక్కడి అసెంబ్లీలో వృత్తి ఆరోగ్య చట్టం తెచ్చింది. అలాంటిది కెనడాలో అదే మొదటిది. దాని వెనక ఉన్న అధికారి పేరు బాబ్ సాస్. పనిలో ప్రమాదాలేమిటో తెలుసుకునే హక్కు, భద్రతా కమిటీలో కూర్చునే హక్కు, ప్రాణం మీదికొచ్చే పని చేయనని చెప్పే హక్కు. ఈ మూడో హక్కు సంగతి నాతో పనిచేసేవాళ్ళని అడిగితే ఒకతను, ప్రెయిరీ రైతు కొడుకు, "అదేముంది, చట్టం లేకపోయినా చెయ్యను అంటాను" అన్నాడు. అనగలడు. అతని పాస్‌పోర్టు అతని దగ్గరే ఉంది.

ఏటా ఏప్రిల్ 28న ఇక్కడ పనిలో పోయినవాళ్ళ స్మృతి దినం. ఈసారి వెళ్ళాను. గడిచిన ఏడాది పోయినవాళ్ళ పేర్లు చదివారు. రోడ్డు ప్రమాదాల్లో, మిషన్ల కింద పోయినవాళ్ళు కొందరు. ఎప్పుడో పీల్చిన ఆస్బెస్టాస్ వల్ల ముప్పై నలభై ఏళ్ళ తర్వాత ఇంట్లో మంచం మీద పోయినవాళ్ళు కూడా ఆ పేర్లలో ఉంటారు. అక్కడ వాళ్ళని సహజ మరణం అనలేదు. గాలి బాగా చల్లగా ఉంది. నా వెనక ఒకావిడ తన వాళ్ళ పేరు రాగానే "అవును" అన్నట్టు చిన్నగా తలూపింది.

మన ప్రభుత్వం గల్ఫ్ వెళ్ళేవాళ్ళకి తప్పనిసరి చేసిన ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంది. 2003లో పెట్టారు. ప్రమాదంలో చనిపోతే పది లక్షలు. మామ ఇంట్లో ఆ పాలసీ కాగితం కూడా ఉంది, ప్లాస్టిక్ కవర్లో భద్రంగా. గుండె ఆగడం ప్రమాదం కాదు. కంపెనీ వాళ్ళు రావాల్సిన జీతం, ఇంకో నెల జీతం ఇచ్చారు. వాళ్ళ కాగితం ప్రకారం అంతకంటే బాకీ లేదు.

2024లో తెలంగాణ ప్రభుత్వం గల్ఫ్‌లో పోయినవాళ్ళ కుటుంబాలకి ఐదు లక్షలు ఇవ్వడం మొదలుపెట్టింది. ఇందులో చావు ఎలా వచ్చిందన్నదాన్ని బట్టి తేడా లేదు. ఆ ఉత్తర్వు చదివి నాకు నిజంగా సంతోషమేసింది. అయితే ఇచ్చేది మన ఖజానా, అక్కడ కట్టించుకున్నవాళ్ళు కాదు. మెరిడిత్ నిధి కట్టమన్నది యజమానులని.

అత్తకి ఏం చెప్పానంటే, చాలావరకు ఇదే చెప్పాను, ఇంత పొడుగ్గా కాదు. ఎండలో ఎక్కువ పని చేస్తే వయసులో ఉన్నోళ్ళకైనా రాత్రి గుండె ఆగొచ్చత్తా, వాడి ఒంట్లో లోపం వల్లే అయుండనక్కర్లేదు అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే పనే తిన్నదన్నట్టు" అంది. "గట్లని ఆ కాయిదం మీద రాయరా?"

రాయరు అత్తా అన్నాను.

పోయిన వారం తమ్ముడు వాళ్ళింట్లో కూర్చుని కలెక్టరేట్‌లో ఇవ్వాల్సిన దరఖాస్తు నింపుతూ ఫోన్ చేశాడు. పేరు, ఊరు, పాస్‌పోర్టు నంబరు, పోయిన తేదీ అన్నీ అయ్యాయట. "అన్నా, మరణ కారణం అన్నకాడ ఏం రాయాలె?" అని అడిగాడు. వెనక అత్త గొంతు ఏదో అంటోంది, సరిగ్గా వినిపించలేదు. కాగితాలు ఒకదానికొకటి కలవకపోతే దరఖాస్తు ఆపేస్తారు, ఆ సంగతి నాకంటే బాగా ఎవరికి తెలుసు. సర్టిఫికెట్లో ఉన్నదే రాయమన్నాను.